కాడి పట్టె కోసిన పెన్సిల్ కత్తి

మా కరెంటు లైన్‌మన్ల శిక్షణ తరగతికి కొత్త బ్యాచ్ వచ్చిన మొదటిరోజు నేను చెప్పే మాట ఒకటే. "మీ జేబుల్లో ఉన్నవన్నీ తీసి బల్లమీద పెట్టండి." దువ్వెనలు వస్తాయి, బస్సు టికెట్లు వస్తాయి, ఒకసారి సగం కొరికిన చిక్కీ ముక్క వచ్చింది. కత్తి మాత్రం రాదు. "ప్లయర్ ఉంటుంది గదా సార్, కత్తి ఎందుకు?" అని అడుగుతారు. దానికి జవాబు చెప్పడానికి ఒక పీరియడ్ చాలదు. అందుకే రాస్తున్నాను.

నాకింకా ముప్పై నిండలేదు. ఉద్యోగ జ్ఞాపకాలు పెన్షన్ తీసుకునేవాళ్ళు రాసుకోవాలని నాకూ తెలుసు. కానీ లైన్ల పని వదిలి పాఠాలు చెప్పుకుంటున్నాను కనుక, ఆ ఉద్యోగానికి సంబంధించినంత వరకు నేను రిటైరైన మనిషినే. ఎవరి పేరూ రాయను. నా తప్పు మాత్రం పూర్తిగా రాస్తాను.

ఐదారేళ్ళ కిందట, అరవైల మొదట్లో, కన్నడ దేశపు అంచున తెలుగు మాట్లాడే చింతామణిలో నేను లైన్ సూపర్‌వైజర్‌ని. డిప్లొమా చేతికి వచ్చి ఏడు నెలలు. బావులకు కరెంటు పంపులు పెట్టించే పని జోరుగా సాగుతున్న రోజులు. గూళూరు వైపు కొన్ని ఊళ్ళు ముగించి, బట్లహళ్ళి దారిలో రోడ్డు పక్కనే స్తంభాలు నాటి, తీగ లాగుతున్నాం. నా కింద ఒక మేస్త్రీ, ఒక లైన్‌మన్, ఏడుగురు హెల్పర్లు. మేస్త్రీ చిక్కబళ్ళాపురం మనిషి, యాభై దాటినవాడు. మామూలుగా తెలుగులో మాట్లాడేవాడు, భయం వేసినా కోపం వచ్చినా కన్నడంలోకి పోయేవాడు.

నాకు జాబితాల పిచ్చి. పనిముట్ల జాబితా, పనివాళ్ళ జాబితా, ఏ రోజు ఎన్ని స్తంభాలు అనే జాబితా. అన్నిటికన్నా ముఖ్యమైనది పదకొండు జాగ్రత్తల జాబితా. ప్రతి పొద్దునా రోడ్డు పక్కన అందరినీ నిలబెట్టి దాన్ని పైకి చదివేవాణ్ణి. చదవడం అయిపోగానే మేస్త్రీ అడిగేవాడు: "మంత్రం అయిపోయిందా సార్? టెంకాయ కొట్టేదా?"

వాళ్ళకు నామీద ఇంకో వేళాకోళం కూడా ఉండేది. నా చొక్కా జేబులో మడత కత్తి ఒకటి ఉండేది. కొమ్ము పిడి, ఒకటే అలుగు. దానితో నేను చేసే పని పెన్సిల్ చెక్కుకోవడం. లైన్ పనివాళ్ళలో పెన్సిల్ అంత సన్నగా చెక్కేవాణ్ణి వాళ్ళు చూసి ఉండరు. దాంతో దానికి పెన్సిల్ కత్తి అని పేరు పెట్టారు. నేను చెప్పే సంగతికి వారం ముందు, స్తంభాలమీద నంబర్లు వేసే పెయింటు డబ్బా మూత రాకపోతే అదే కత్తి దూర్చి పైకి లేపాను. మూత రాలేదు, అలుగు సగానికి విరిగింది. రెండంగుళాలు మిగిలింది. "ఇంక ఇది నిజంగానే పెన్సిల్ కత్తి సార్" అన్నాడు మేస్త్రీ. సిగ్గుతో ఆ మొండి కత్తినే ప్రతి ఆదివారం నూరుకుంటూ వచ్చాను. పనిముట్టును దాని పనికి కాక మరో పనికి వాడితే ఏమవుతుందో క్లాసులో చెప్పేటప్పుడు ఇప్పటికీ ఆ డబ్బా గుర్తుకొస్తుంది.

తీగ లాగే లారీ మరమ్మతుకని చిక్కబళ్ళాపురం పోయి తిరిగి రాలేదు. పని త్వరగా ముగించమని పైనుంచి కబుర్లు. ఎలా అని తల పట్టుకుని కూర్చుంటే, ఆ లైను చివర ఎవరి బావికి కరెంటు ఇవ్వాలో ఆ రైతే వచ్చాడు. సన్నటి మనిషి, యాభైకి దగ్గర.

"లారీ రాకపోతే పోనీలేప్పా. నా ఎద్దులుండాయి గదా. పుట్టినకాణ్ణుంచి వాటి పని తాడు లాగేదే."

నిజమే. ఆయనది కపిల బావి. పెద్ద తోలుబాన బావిలోకి దింపి, ఎద్దులను ఏటవాలు దారిలో కిందికి తోలితే బాన పైకి వచ్చి నీళ్ళు కుమ్మరిస్తుంది. కపిల తోలడం చూసినవాళ్ళకు తెలుసు, ఎద్దులు దిగేటప్పుడు తోలేవాడు వెనకాల నడవడు. తాడుమీదికి ఎక్కి కూర్చుంటాడు. ఆ బరువు కూడా బానను లాగడానికి పనికొస్తుంది.

మేం ఆయన ఎద్దుల కాడికి నార తాడు కట్టి, తాడు కొసకు తీగ బిగించాం. తీగ చుట్టిన డ్రమ్ము అర మైలు వెనక. దాని దగ్గర ఇద్దరు, బ్రేకు పట్టుకుని. మధ్యలో ఎర్ర జెండా, పచ్చ జెండా పట్టుకున్న హెల్పర్ ఒకడు. ఎద్దులు దాటి వచ్చిన ఆఖరి స్తంభంమీద లైన్‌మన్, నడుముకు బెల్టు కట్టుకుని, కప్పీలో తీగ సరిగా జారుతున్నదో లేదో చూస్తూ.

తీగ స్తంభంమీది కప్పీలోంచి కిందికి వస్తుంది కదా, అందువల్ల తాడు కాడిని వెనక్కే కాదు, పైకి కూడా లాగుతుంది. కాడి ఎద్దుల కొమ్ములమీదికి పాకుతోంది. రైతు అది చూశాడు. కపిల దగ్గర కూర్చున్నట్టే, కాడికి రెండు బారల వెనక తాడుమీద ఎక్కి కూర్చున్నాడు. తాడు వంగింది. కాడి మెడమీద కుదురుకుంది. ఎద్దులు సాఫీగా కదిలాయి.

మేస్త్రీ నా దిక్కు చూశాడు. "సార్, ఇది మీ పదకొండులో ఉందా?"

"లేదు."

"మరి దిగమని చెప్పేదా?"

నేను చెప్పలేదు. అది చూసి నాకు ముచ్చటేసింది. చదువులేని మనిషి లెక్క వేయకుండానే బలాన్ని ఎక్కడ మోపాలో కనుక్కున్నాడు! నోటుబుక్కు తీసి బొమ్మ వేశాను. స్తంభం, తాడు, కాడి. తాడు లాగే దిక్కుకు ఒక బాణం. రైతు కూర్చున్నచోట కిందికి ఒక బాణం, దాని పక్కన ఆయన బరువు అంచనాగా. ఆ బొమ్మలో మనిషి లేడు, ఒక బాణం గుర్తు మాత్రమే ఉంది. పొద్దుటి నుంచి నాలుగు స్తంభాలు దాటేదాకా ఆయన నాలుగుసార్లు అలా కూర్చున్నాడు, నాలుగుసార్లూ నేను చూశాను.

ఐదోసారి మోరీ దగ్గర జరిగింది.

రోడ్డు ఒక వంక మీదుగా పోతుంది. నీళ్ళు పారడానికి కింద మోరీ, పైన రెండు పక్కలా మోకాలెత్తు రాతి గోడలు. ఎద్దులు రోడ్డుమీదికి ఎక్కి మోరీ దాటుతున్నాయి. రైతు తాడుమీద ఉన్నాడు. మలుపు తిరిగి ఎదురుగా బస్సు వచ్చింది. దారి మధ్యలో ఎద్దులను చూసి డ్రైవరు హారన్ నొక్కాడు, నొక్కి అలాగే పట్టుకున్నాడు. ఎద్దులు బెదిరి ఎడమకు దూకాయి. గోడ దాటగానే వంకలోకి జారే గట్టు. ఎడమ ఎద్దు కాలు జారి పక్కకు పడింది. పడి, గట్టు కిందికి జారుతూ, కాడిని, దానితోపాటు రెండో ఎద్దును కూడా లాగింది. రెండోది ముందు కాళ్ళు తన్నిపెట్టి ఎలాగో నిలబడింది.

తాడు గోడ చివరి రాయి దగ్గర అడ్డంగా మలుపు తిరిగి బిగిసింది. ఆ మలుపులో, తాడుకూ రాయికీ మధ్య, రైతు ఇరుక్కున్నాడు. వీపు రాతికి, తాడు రొమ్ముమీద.

అందరూ ఒకేసారి అరిచారు. అరుపు వినిపించగానే డ్రమ్ము దగ్గరివాళ్ళు బ్రేకు బిగించేశారు. అది నా ఏడో జాగ్రత్త: కేక వినబడితే డ్రమ్ము ఆపాలి. రోజూ చదివి చదివి వాళ్ళ బుర్రకెక్కించాను. దాంతో ఆ పక్కన తీగ వదలదు, ఈ పక్కన పడిన ఎద్దు వదలదు. ఎద్దు కాళ్ళు తన్నుకున్నప్పుడల్లా తాడు ఇంకొంచెం రొమ్ములోకి దిగుతోంది. పచ్చ జెండా ఊపి తీగ వదలమని చెప్పాల్సిన హెల్పర్ జెండాలు పారేసి మా దగ్గరికే పరుగెత్తుకొచ్చాడు. వాణ్ణి మళ్ళీ డ్రమ్ము దగ్గరికి తరిమాను. అర మైలు. ఎంత పరుగెత్తినా నాలుగైదు నిమిషాలు.

రైతు మొహం నల్లబడుతోంది. నోరు తెరుస్తున్నాడు, గాలి లోపలికి పోవడం లేదు. ఒక చేత్తో తాడును పైకి నెట్టడానికి చూస్తున్నాడు. నాలుగైదు నిమిషాలు ఆయన దగ్గర లేవు.

"గొడ్డలి! గొడ్డలి!" అని ఎవరో అంటున్నారు. గొడ్డలి డ్రమ్ము దగ్గర ఉంది. కటింగ్ ప్లయర్ లైన్‌మన్ నడుముకు, స్తంభంమీద. కొడవళ్ళు, రాగికోతలు అయిపోయి, ఊళ్ళో అటకలమీద. నా పనిముట్ల జాబితాలో ఇరవైమూడు వస్తువులు ఉండేవి, అందులో కోసేవి మూడు, ఒక్కటి కూడా మోరీ దగ్గర లేదు. బస్సులోంచి దిగిన జనం తాడు పట్టుకుని లాగుతున్నారు. బిగుసుకున్న తాడు వీణ తీగలా ఉంది, పదిమంది లాగినా వెంట్రుకవాసి కదలలేదు.

అప్పుడు నాకు నా జేబు గుర్తొచ్చింది. కత్తి తీసి, తెరిచి, తాడుకు ఆనించాను.

"బేడ సార్! బేడ! మేలె మనుష్య ఇద్దానె!" వద్దు, పైన మనిషి ఉన్నాడని కన్నడంలో అరుస్తూ మేస్త్రీ నా మణికట్టు పట్టుకున్నాడు. పైకి చూపించాడు.

స్తంభంమీద లైన్‌మన్. అతను కూడా నా చేతిలో కత్తి చూశాడు. చూసి, రెండు చేతులతో స్తంభాన్ని కరుచుకుని తల దాచుకున్నాడు. తాడు కోస్తే అంత బిగువుమీద ఉన్న తీగ కొరడాలాగా వెనక్కి పోతుంది. బెల్టుతో కట్టుకున్న మనిషి తప్పుకోలేడు. తాడు తెగిన కొస కూడా రైతు రొమ్ము మీదుగానే ఒరుసుకుని పోతుంది. ఇదంతా నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న సంగతే. కత్తి చేతికి రాగానే మరిచిపోయాను.

"మరి ఏం చేద్దాం మేస్త్రీ?" అన్నాను.

రైతు భార్య పక్క చేలోంచి వచ్చింది. మధ్యాహ్నానికి సంగటి గంప నెత్తిన పెట్టుకుని వస్తున్న మనిషి, గంప ఎక్కడ పడేసిందో తెలియదు. మొగుడి మొహం ఒక్కసారి చూసింది. ఏడవలేదు. సూటిగా గట్టు దిగి, పడిన ఎద్దు తలమీద తన ఒళ్ళంతా వేసి పడుకుంది. కొంగు తీసి దాని కండ్లకు కప్పింది.

"ఎవుర్రా కత్తి పట్టుకోనుండేది? ఈడికి రాప్పా! ఆ తాడు కాదు. ఈ మెడ పట్టె కొయ్యి!"

నేను ఇంకా తాడు దిక్కే చూస్తున్నాను.

"యాడ చూస్తాండావు? బావికాడ ఎద్దు పడితే మేం కోసేది ఇదే. ఇది ఇడిస్తే అది లేస్తాది, కాడి ఇంకో ఎద్దు మెడమింద ఉంటాది, దాన్ని ఎనక్కి తోల్తే తాడు మెల్లగ వొదుల్తాది. రా!"

నేను ఎంత లెక్క వేసినా తట్టని సంగతి అది. లాగుతున్నది పడిపోయిన ఎద్దు బరువు. దాన్ని కాడి నుంచి వేరు చేస్తే చాలు. తీగ ఎగరదు, తాడు తెగదు.

గట్టు కిందికి జారాను. ఎద్దు మెడకూ కాడికీ కలిపి కట్టే తోలు పట్టె అది. మామూలుగా ముడి విప్పితే వస్తుంది. ఇప్పుడు ఎద్దు బరువంతా పడి ముడి రాయిలా బిగుసుకుపోయింది, పట్టె గొంతులోకి దిగిపోయింది. ఎద్దు కూడా ఊపిరాడక గురగుర అంటోంది. గొడ్డలి ఉన్నా అక్కడ ఎత్తి వేయలేం. వేస్తే పట్టె కన్నా ముందు గొంతు తెగుతుంది.

ఎడమచేతి రెండు వేళ్ళు పట్టె కిందికి దూర్చాను. వేళ్ళ కింద ఎద్దు నరం కొట్టుకోవడం తెలుస్తోంది. కత్తిని పట్టెకూ వేళ్ళకూ మధ్య పెట్టి, పదును బయటివైపుకు తిప్పి, కోయడం మొదలుపెట్టాను. ఎండి, నూనె తాగి, రెండు పొరలు కలిపి కుట్టిన తోలు. విరిగిన రెండంగుళాల అలుగు. పొడుగు అలుగైతే ఒక లాగుకు ఎంతో తెగేది. దీనితో గీరడమే.

"తెగుతాందా?"

"తెగుతోందమ్మా."

"మాట్లాడొద్దు, కొయ్యి."

ఎద్దు ఒకసారి తల విదిలించింది. ఆమె ఎగిరి పడి, మళ్ళీ కొమ్ము పట్టుకుని మీద పడింది. కత్తి జారి నా వేలు తెగింది. రక్తానికి పిడి జిగటగా అయి, పట్టు దొరకలేదు. చొక్కా కొస చుట్టి పట్టుకున్నాను. మొదటి పొర తెగింది. పైన గోడ దగ్గర ఎవరో "కండ్లు పైకి పోతాండాయి" అన్నారు. ఆమె విన్నది. తల తిప్పలేదు.

"మేస్త్రీ!" అని అరిచాను. "ఆ ఎద్దు ముకుతాడు పట్టుకో. ఇది తెగగానే వెనక్కి తోలాలి. అడుగడుగుగా. ఒక్కసారిగా కాదు!"

"పట్టుకోనుండా సార్!" ఈసారి తెలుగులోనే అన్నాడు.

రెండో పొర సగం తెగి, మిగతా సగం తనంతట తనే చిరిగింది. ఫట్ మని చప్పుడు. ఎద్దు దొర్లి వంకలోకి పోయింది, దానితో పాటు ఆమె కూడా. కాడి ఒక పక్కకు ఎగిరి నా భుజానికి తగిలింది. మేస్త్రీ నిలబడిన ఎద్దు మూతిమీద చేయి పెట్టి, నాకు ఎప్పుడూ వినబడని మెత్తటి గొంతుతో ఏదో చెబుతూ ఒక అడుగు వెనక్కి నెట్టాడు. ఇంకో అడుగు. తాడు రొమ్ముమీద నుంచి జానెడు వదిలింది. జనం రైతును సందులోంచి బయటికి లాగి రోడ్డుమీద పడుకోబెట్టారు.

ఊపిరి లేదు. ఆమె వంకలోంచి తడి బట్టలతో ఎక్కి వచ్చి, పక్కన కూలబడి, మొగుడి మొహం రెండు చేతులతో పట్టుకుని ఊపింది. "ఒరే! ఒరే! నిన్నే!" అన్నది. మొగుణ్ణి ఒరే అనడం ఆ వైపు ఆడవాళ్ళు చేసే పని కాదు. ఆయన దగ్గాడు. దగ్గి, గాలి పీల్చి, నొప్పికి కెవ్వుమని అరిచాడు. అంత మంచి అరుపు నేను ఎన్నడూ వినలేదు.

అప్పటికి డ్రమ్ము దగ్గర పచ్చ జెండా లేచింది.

అదే బస్సులో ఆయన్ను చింతామణి ఆస్పత్రికి తీసుకుపోయాం. "ఎద్దులు కనబడితే హారన్ కొట్టకుండా ఎట్ల పోయేదప్పా?" అని డ్రైవరు గొణిగాడు. మేస్త్రీ అతన్ని కన్నడంలో తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. చింతామణి చేరేదాకా ఆ డ్రైవరు, రోడ్డుకు అడ్డంగా మేకల మంద వచ్చినా, దిగి పోయి తోలాడు గాని హారన్ ముట్టలేదు.

మర్నాడు రిపోర్టు రాయాలి. మేస్త్రీ పక్కన నిలబడి, "రైతు చెప్పకుండా తాడుమీద కూచున్నాడని రాయండి సార్. మనకేం రాదు" అన్నాడు. చెడ్డమనసుతో అన్న మాట కాదు, నన్ను కాపాడాలని అన్నది. కూర్చున్నాడనే రాశాను. నాలుగుసార్లు నేను చూశాననీ, మేస్త్రీ అడిగినా దిగమని చెప్పలేదనీ, పైగా పనికొస్తుందని అనుకున్నాననీ కూడా రాశాను. నోటుబుక్కు జత చేశాను. మా పై అధికారి ఆ బొమ్మ తెరిచి చూశాడు.

"బాణాలన్నీ సరిగ్గానే ఉన్నాయి" అన్నాడు. "ఎద్దు బెదిరితే ఏ బాణం ఎటు పోతుందో వేయలేదే?"

నాకు ఒక హెచ్చరిక కాగితం వచ్చింది. అది న్యాయమే.

ఆరో రోజు ఆస్పత్రికి పోయాను. మూడు పక్కటెముకలు విరిగాయి. ఎద్దుకు మెడ వాచింది గాని మేత తింటోందని ఆమె చెప్పింది. ఆయన మంచంమీద వెల్లకిలా, రొమ్ముకు గట్టిగా కట్టు. ఆమె కింద చాపమీద కూర్చుని రొట్టె ముక్కలు చేస్తోంది. నేను చెప్పాలనుకున్నది దారిపొడుగునా వరస పెట్టుకుని పోయాను, తీరా నిలబడితే వరస తప్పింది.

"నువ్వు తాడుమీద కూర్చోవడం నేను చూశాను. దిగమని చెప్పాల్సింది. చెప్పలేదు."

ఆయన కప్పు దిక్కు చూస్తూ, ఊపిరి కొంచెం కొంచెంగా తీసుకుంటూ మాట్లాడాడు. "చెప్పింటే దిగుంటానా? మా నాయన కూచున్నె, నేను కూచున్నా. తాడు మింద కూచోకుంటే పని చేసినట్లే ఉండదప్పా."

"ఇంకమీద ఆ పని ఉండదులే. రెండు నెలల్లో నీ బావికి మోటారు వస్తుంది."

కప్పు నుంచి తల నా దిక్కు తిప్పాడు. "దానికి యాడ కూచోవల్ల?"

"ఎక్కడా కూర్చోనక్కర్లేదు. స్విచ్ వేసి పక్కన నిలబడితే చాలు."

"నిలబడుకోని?"

నా చదువులో అది లేదు.

"ముందు ఈ మంచం మింద లేసి కూచో" అన్నది ఆమె చాపమీద నుంచి. "ఆరు దినాలాయె పండుకోని. మోటారు సంగతి మళ్ళ చూస్తాం."

ఒక పక్క ఆమె, ఒక పక్క నేను చేయి వేసి లేపాం. నొప్పికి పళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాడు. చేతులు మంచం పట్టెకు ఆనించి, భయం భయంగా, ఊపిరి లోపలికి తీసుకోవడం మొదలుపెట్టాడు. సగం దగ్గర ఆగాడు. మళ్ళీ తీసుకున్నాడు. ఈసారి కట్టు కింద రొమ్ము నిండా లేచింది. అది మెల్లగా బయటికి వచ్చేదాకా ఆమె రొట్టె ముక్క చేత్తో పట్టుకుని అలాగే ఉంది. నేనూ కదల్లేదు.